ఉపాధ్యాయ శిక్షణ: సిద్ధాంతం, తరగతి గది కలిసేదెక్కడ?

ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించే మార్గం దేశంలో మరోసారి మారుతోంది. 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బీఈడీయే కనీస అర్హత కావాలని జాతీయ విద్యావిధానం-2020 నిర్దేశించింది. మరోవైపు, 2015-16లో రెండేళ్లకు పెరిగిన బీఈడీని నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ పూర్తిచేసినవారికి మళ్లీ ఒక్క ఏడాదిలో అందించాలని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, 2025 ఫిబ్రవరిలో విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో ప్రతిపాదించింది. ఏడాదా, రెండేళ్లా, నాలుగేళ్లా అన్న ఈ చర్చ వెనుక ఒక పాత ప్రశ్న ఉంది. కాబోయే ఉపాధ్యాయులు కళాశాలలో చదువుకునే విద్యా సిద్ధాంతం, రేపు వారు నిలబడే తరగతి గదిలో ఎంతవరకు అక్కరకు వస్తోంది?

ఈ ప్రశ్నకు సమాధానం పిల్లల చదువులో కనిపిస్తుంది. 2025 జనవరిలో వెలువడిన ‘అసర్-2024’ నివేదిక ప్రకారం, గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి చదువుతూ రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతం మంది మాత్రమే. 2022లో ఇది 16.3 శాతం. మెరుగుదల గణనీయమే అయినా, ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా ఆ స్థాయికి చేరలేదు. పేదరికం, గైర్హాజరు, ఖాళీగా ఉన్న పోస్టులు, ఇంటి భాషకూ బడి భాషకూ ఉన్న తేడా వంటి కారణాలు ఇందులో అనేకం ఉన్నాయి. అయితే చదవలేని పిల్లవాడి ఎదుట కూర్చుని, ఎక్కడ ఆగిపోయాడో కనిపెట్టి, అక్కడినుంచి ముందుకు నడిపించవలసిన వ్యక్తి ఉపాధ్యాయుడే. ఆ పనికి వారిని శిక్షణ ఏ మేరకు సిద్ధం చేస్తోందన్నదే అసలు విషయం.

రెండూ ఎందుకు అవసరం?

ఒక చిన్న తీసివేత లెక్కతో దీన్ని అర్థం చేసుకోవచ్చు. 52 నుంచి 27 తీసివేయమంటే మూడో తరగతి పిల్లలు కొందరు 35 అని రాస్తారు. ఒకట్ల స్థానంలో 2 నుంచి 7 పోదు కాబట్టి 7 నుంచి 2 తీసి 5 వేస్తారు. పదుల స్థానంలో 5 నుంచి 2 తీసి 3 వేస్తారు. ఇది అజాగ్రత్త వల్ల జరిగిన తప్పు కాదు. ‘పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీయాలి’ అని ఆ పిల్లవాడు తనకు తానే ఒక నియమం ఏర్పరచుకున్నాడు. దాన్ని అన్ని లెక్కలకూ నిజాయితీగా వర్తింపజేస్తున్నాడు.

ఆచరణలో ఆరితేరినా సిద్ధాంతపు లోతు తెలియని ఉపాధ్యాయుడు ‘పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకో’ అన్న సూత్రం చెప్పి ముందుకు సాగిపోతాడు. పిల్లవాడు దాన్ని కంఠస్థం చేస్తాడు. 503 నుంచి 128 తీసివేయవలసి వచ్చినప్పుడు పక్కన సున్నా కనిపించి మళ్లీ తికమకపడతాడు. సిద్ధాంతం మాత్రమే చదివిన ఉపాధ్యాయుడు వికాస దశల గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాయగలడు కానీ, నలభై మంది పిల్లల సందడిలో ఆ 35 వెనుక ఉన్న ఆలోచనను పట్టుకోలేకపోవచ్చు. రెండూ ఒంటబట్టిన ఉపాధ్యాయుడు ముందుగా ‘ఎలా చేశావు?’ అని అడుగుతాడు. పది పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు పిల్లవాడి ముందు పెట్టి, ఏడు విడి పుల్లలు ఇవ్వమంటాడు. ఒక కట్ట విప్పక తప్పదని పిల్లవాడికి చేతులతోనే తెలుస్తుంది. స్థాన విలువ అనే భావన అక్కడ అర్థమవుతుంది.

ఈ రకమైన జ్ఞానానికి అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ఒక ప్రత్యేకమైన పేరు పెట్టారు. తెలుగులో దాన్ని విషయ బోధనా జ్ఞానం అనవచ్చు. గణితం తెలిసినవారందరికీ అది ఉండదు. బోధనా పద్ధతుల గురించి సాధారణంగా చదివినవారందరికీ ఉండదు. ఫలానా పాఠంలో పిల్లలు ఎక్కడ పొరబడతారు, ఏ ఉదాహరణ ఇస్తే తేటపడుతుంది, ఏ ప్రశ్న అడిగితే వారి ఆలోచన బయటపడుతుంది అన్నది ఆ పాఠాన్ని పిల్లలతో కలిసి నడిపించినప్పుడే, నడిపించిన తరువాత దాని గురించి ఆలోచించినప్పుడే అలవడుతుంది.

ఆచరణ ఒక్కటే చాలదనడానికి మరొక కారణం కూడా ఉంది. ప్రతి అభ్యర్థి శిక్షణలో చేరేనాటికే పదిహేనేళ్లపాటు బల్లపై కూర్చుని ఉపాధ్యాయులను గమనించి ఉంటాడు. ఈ సుదీర్ఘ పరిశీలనే ఒక రకమైన శిష్యరికమని సామాజిక శాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లో వివరించారు. శిక్షణలో ఆ పాత అలవాట్లను ప్రశ్నించే అవకాశం రాకపోతే, కొత్త ఉపాధ్యాయుడు ఒత్తిడి ఎదురైన మొదటి రోజునే తన చిన్ననాటి గురువు పద్ధతికి మరలిపోతాడు. గట్టిగా చదివించడం, చూసి రాయించడం, అప్పజెప్పించుకోవడం తరం తరువాత తరం కొనసాగడానికి ఇదొక కారణం. ఆచరణను అనుకరణగా మిగల్చకుండా, ఆలోచనకు పునాదిగా మార్చాలని జాన్ డ్యూయీ 1904లోనే వాదించారు.

దూరం ఎలా పెరిగింది?

ఉపాధ్యాయ విద్యాసంస్థలు విశ్వవిద్యాలయాల నుంచి, పాఠశాలల నుంచి, తమలో తాము ఒకదాని నుంచి మరొకటి వేరుపడి ఉన్నాయని కొఠారీ కమిషన్ 1966లోనే గుర్తించింది. ఆ ఒంటరితనాన్ని ఛేదించాలని సిఫారసు చేసింది. 1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అంటే డైట్‌లు, ఈ లక్ష్యంతోనే ఏర్పడ్డాయి. ప్రాథమిక ఉపాధ్యాయుల శిక్షణ, సర్వీసులో ఉన్నవారికి పునశ్చరణ, స్థానిక పాఠశాలలపై పరిశోధన ఒకే గూటిలో సాగాలన్నది వాటి ఉద్దేశం. ఎన్‌సీటీఈ చట్టం 1993లో వచ్చింది. మండలి 1995లో చట్టబద్ధ సంస్థగా పని ప్రారంభించింది.

ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో ఉపాధ్యాయ విద్యారంగం ప్రైవేటు కళాశాలలతో వేగంగా విస్తరించింది. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన జస్టిస్ జేఎస్ వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చేనాటికి శిక్షణ సంస్థల్లో సుమారు 90 శాతం ప్రభుత్వేతర రంగంలోనే ఉన్నాయి. వీటిలో అనేకం ఏ పాఠశాలతోనూ, ఏ విశ్వవిద్యాలయ విభాగంతోనూ సజీవ సంబంధం లేకుండా విడిగా నడిచే సంస్థలు. ప్రతి శిక్షణ సంస్థకూ ప్రయోగశాల వంటి ఒక పాఠశాల అనుబంధంగా ఉండాలని, అభ్యర్థులు కొత్త ఆలోచనలను అక్కడ పరీక్షించుకోవాలని వర్మ కమిషన్ సూచించింది. కోర్సు వ్యవధిని పెంచాలని కూడా సిఫారసు చేసింది.

అప్పటివరకు ఏడాది బీఈడీలో ఆచరణ భాగం ఒక తంతుగా సాగేది. రెండు బోధనా పద్ధతుల్లో కలిపి 40 దాకా పాఠాలు చెప్పడం, ప్రతి పాఠానికీ ఒకే మూసలో పాఠ్యపథకం రాయడం, చివరన రికార్డులు సమర్పించడం ఆనవాయితీ. పాఠ్యపథకంలోని ప్రేరణ, ప్రదర్శన, పునర్విమర్శ వంటి సోపానాలకు మూలం పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ తత్త్వవేత్త హెర్బార్ట్ అనుయాయుల ఆలోచనల్లో ఉంది. సోపానాలు మిగిలాయి గానీ, వాటి వెనుక ఉన్న చర్చ మరుగునపడింది. పిల్లలు ఏమి నేర్చుకున్నారన్న దానికంటే గళ్లన్నీ నిండాయా లేదా అన్నది ముఖ్యమైపోయింది.

ఇరవై వారాల ఇంటర్న్‌షిప్

ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు ఈ పరిస్థితిని మార్చేందుకు ప్రయత్నించాయి. బీఈడీ రెండేళ్లయింది. మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16 వారాలు, మొత్తం 20 వారాల పాఠశాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. ఇతర తరగతులకు 80 శాతం హాజరు సరిపోతే, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాలని నిబంధన విధించారు. అభ్యర్థి ముందుగా తరగతులను పరిశీలించి, తరువాత బోధించి, పాఠశాల నిర్వహణలోనూ పాల్గొని, తన అనుభవాన్ని నమోదు చేసుకోవాలి.

కాగితంపై ఇది బలమైన ఏర్పాటు. ఆచరణలో ఇది మూడు చోట్ల బలహీనపడుతోంది. మొదటిది, సంబంధం. అనుబంధ పాఠశాల లేని కళాశాలలు విద్యాశాఖ కేటాయించిన బడులకు అభ్యర్థులను పంపుతాయి. కళాశాల అధ్యాపకుడు అప్పుడప్పుడు వచ్చి ఒక పాఠాన్ని చూసి సంతకం చేసి వెళ్లిపోతే, మధ్యలో జరిగిన పొరపాట్ల గురించి మాట్లాడేవారు ఉండరు. రెండోది, వినియోగం. ఉపాధ్యాయులు చాలని బడిలో ఛాత్రోపాధ్యాయులు ఖాళీ పీరియడ్లను నింపే మనుషులుగా మారిపోతారు. తరగతిని అదుపులో ఉంచడమే వారి పని అవుతుంది. నేర్చుకోవడం వెనక్కి పోతుంది. మూడోది, తీరిక. ఉదయం చెప్పిన పాఠంలో ఏమి జరిగిందో సాయంత్రం కూర్చుని సిద్ధాంతంతో సరిచూసుకునే గంట ఏ కాలపట్టికలోనూ ఉండదు.

ఆ గంటే కీలకం. కళాశాలలో వైగోత్‌స్కీ ప్రతిపాదించిన సామీప్య వికాస మండలం గురించి చదివిన అభ్యర్థి, ఒత్తు అక్షరాల దగ్గర తడబడే పిల్లవాడిని బడిలో చూస్తాడు. ఆ పిల్లవాడు ఒంటరిగా ఏది చదవగలడు, పక్కన ఎవరైనా ఉంటే ఏది చదవగలడు అన్న ప్రశ్న వేసుకున్నప్పుడు ఆ భావన పుస్తకం దాటి బయటకు వస్తుంది. లంబాడీ, కోయ, గోండి, సవర వంటి భాషలు ఇంట్లో మాట్లాడే పిల్లల విషయంలో ఇది మరింత అవసరం. అక్కడ తడబాటు అక్షరానిదా, భాషదా అన్నది తేల్చుకోకుండా ఇచ్చే సాయం గురి తప్పుతుంది. ఈ ప్రశ్నలను అభ్యర్థికి గుర్తుచేసే మనిషి ఇంటర్న్‌షిప్‌లో లేకపోతే, వారాలు పెరిగినా ప్రయోజనం పెరగదు.

మార్గదర్శి ఎవరు?

ఆ మనిషి సాధారణంగా పాఠశాలలోని సీనియర్ ఉపాధ్యాయుడే కావాలి. అభ్యర్థి రోజూ చూసేది అతడినే. మన వ్యవస్థలో ఆ పాత్రకు తగిన స్థానం లేదు. మార్గదర్శనం చేసినందుకు పనిభారం తగ్గదు, దానికి ప్రత్యేక శిక్షణ ఉండదు, పదోన్నతిలో అది లెక్కకు రాదు. తన పాఠాలతో పాటు మధ్యాహ్న భోజన పర్యవేక్షణ, యాప్‌లలో హాజరు నమోదు, ఎన్నికల విధుల వంటి బాధ్యతలు మోసే ఉపాధ్యాయుడికి, కొత్తవారి పాఠాన్ని వెనుక బల్లపై కూర్చుని గమనించే వ్యవధి దొరకడం అరుదు.

ఇతర దేశాల అనుభవం ఇక్కడ ఉపయోగపడుతుంది. ఫిన్లాండ్‌లో విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా శిక్షణ పాఠశాలలు ఉన్నాయి. అక్కడి ఉపాధ్యాయులకు పిల్లలకు బోధించడం, కాబోయే ఉపాధ్యాయులకు మార్గం చూపడం రెండూ ఉద్యోగ బాధ్యతలే. జపాన్‌లో ఉపాధ్యాయులు బృందంగా ఒక పాఠాన్ని రూపొందిస్తారు; ఒకరు బోధిస్తుంటే మిగిలినవారు పిల్లలను గమనిస్తారు; ఆ తరువాత అందరూ కూర్చుని చర్చించి పాఠాన్ని సవరిస్తారు. తరగతి గది తలుపు తోటి ఉపాధ్యాయులకు తెరిచి ఉండడం అక్కడ వృత్తి సంస్కృతిలో భాగం.

పరీక్ష అడిగేదే శిక్షణ ఇస్తుంది

శిక్షణ కళాశాలలను ఒక్కవైపే నిందించడం సరికాదు. నియామక విధానం ఏమి కోరితే అభ్యర్థి దానికే సిద్ధమవుతాడు. 2010 తరువాత అమలులోకి వచ్చిన ఉపాధ్యాయ అర్హత పరీక్ష ‘టెట్’, ఆపై రాష్ట్రాలు నిర్వహించే డీఎస్సీ పరీక్షలు ప్రధానంగా బహుళైచ్ఛిక ప్రశ్నలతో సాగుతాయి. తెలుగు రాష్ట్రాల్లో బీఈడీ, డీఈఎల్‌ఈడీ పూర్తిచేసినవారిలో అనేకులు ఆ తరువాత కోచింగ్ కేంద్రాల్లో నెలలు గడుపుతారు. అక్కడ పియాజే దశలు, బ్లూమ్ వర్గీకరణ వంటివి సరైన ఐచ్ఛికాన్ని గుర్తించే జ్ఞాపక సాధనలుగా మారతాయి. పిల్లల ముందు నిలబడి ఒక్క పాఠమైనా చెప్పనవసరం లేకుండానే నియామక పత్రం చేతికి వస్తుంది.

ఉపాధ్యాయ నియామకంలో ముఖాముఖి లేదా తరగతి గది బోధనా ప్రదర్శన అంతర్భాగం కావాలని జాతీయ విద్యావిధానం-2020 పేర్కొంది. కేంద్రీయ విద్యాలయ సంఘటన్ 2022 డిసెంబరు నియామక ప్రకటనలో నమూనా బోధనను ఎంపిక ప్రక్రియలో చేర్చింది. వేల పోస్టులకు లక్షల్లో దరఖాస్తులు వచ్చే రాష్ట్రస్థాయి నియామకాల్లో దీన్ని పాటించడం సులభం కాదు. పారదర్శకత, సిఫారసుల భయం, కోర్టు వివాదాల సంభావ్యత కూడా ఉన్నాయి. రాతపరీక్షలో ముందు నిలిచిన పరిమిత సంఖ్యకు మాత్రమే బోధనా పరీక్ష పెట్టడం, ముందుగా ప్రకటించిన ప్రమాణాలతో ఒకరికంటే ఎక్కువ మంది మార్కులు వేయడం ఇందుకు పరిష్కారాలు కాగలవు.

కోర్టు తీర్పు గుర్తుచేసిన తేడా

సిద్ధాంతం, ఆచరణ అన్న మాటలు న్యాయస్థానం ముందుకు కూడా వచ్చాయి. బీఈడీ అర్హులను ప్రాథమిక తరగతుల బోధనకు అనుమతిస్తూ ఎన్‌సీటీఈ 2018 జూన్‌లో ఒక ప్రకటన జారీ చేసింది. ఉద్యోగంలో చేరిన రెండేళ్లలోగా ఆరు నెలల బ్రిడ్జి కోర్సు పూర్తిచేయాలన్నది షరతు. ఈ ప్రకటన చెల్లదన్న రాజస్థాన్ హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న సమర్థించింది. ప్రాథమిక దశలోని పిల్లలకు బోధించేందుకు ప్రత్యేక నైపుణ్యం కావాలని, బీఈడీ ఆ దశకు ఉద్దేశించిన శిక్షణ కాదని ధర్మాసనం అభిప్రాయపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఫిబ్రవరి డీఎస్సీ ప్రకటన బీఈడీ అభ్యర్థులను ఎస్జీటీ పోస్టులకు అనుమతించగా, హైకోర్టు దాన్ని నిలిపివేసింది.

నిరుద్యోగ అభ్యర్థుల దృష్టిలో ఇది ఉద్యోగావకాశాల వివాదం. విద్యా దృష్టితో చూస్తే ఇందులో ఒక స్పష్టమైన సూత్రం ఉంది. ఆరేళ్ల పిల్లవాడికి అక్షరం నేర్పడం, పదిహేనేళ్ల విద్యార్థికి బీజగణితం నేర్పడం వేర్వేరు వృత్తి నైపుణ్యాలు. చిన్నతరగతుల బోధనకు తక్కువ సన్నద్ధత చాలన్న భావన సరికాదు.

పనిచేసిన నమూనాలు

దేశంలోనే మంచి నమూనాలు లేకపోలేదు. అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లోని ప్రాంతీయ విద్యాసంస్థలు 1960ల నుంచే నాలుగేళ్ల సమీకృత కోర్సులు నడుపుతున్నాయి. ప్రతి ప్రాంగణంలోనూ ఒక ప్రదర్శక పాఠశాల ఉంది. తెలుగు రాష్ట్రాలు మైసూరు సంస్థ పరిధిలోకి వస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లో ప్రారంభించిన నాలుగేళ్ల ప్రాథమిక విద్యా పట్టా కోర్సు మరొక ఉదాహరణ. పిల్లల పరిశీలన, పాఠశాలతో సంబంధం, చివరి ఏడాది దీర్ఘ ఇంటర్న్‌షిప్ అందులో సిద్ధాంత పాఠాలతో కలిసి నడిచాయి.

మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చేసిన ప్రయోగం తెలుగు నేలపై పుట్టి ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. ఒకే గదిలో అనేక తరగతుల పిల్లలు ఉండే చిన్న బడులకోసం అక్కడి బృందం పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డులు తయారుచేసింది. ప్రతి పిల్లవాడూ తన వేగంతో మెట్లెక్కుతాడు. కర్ణాటకలోని ‘నలి-కలి’, తమిళనాడులోని కృత్యాధార బోధన ఈ పద్ధతి నుంచి స్ఫూర్తి పొందాయి. పిల్లలు వేర్వేరు వేగాలతో నేర్చుకుంటారన్న సిద్ధాంతం ఇక్కడ ఒక పెట్టెలోని కార్డుల రూపం దాల్చింది. ఆ కార్డులను తీర్చిదిద్దింది పల్లె బడుల్లోని నిత్యానుభవం.

ఈ నమూనాకు ఇప్పటికీ ప్రాముఖ్యం ఉంది. 2024-25 యూడైస్ ప్లస్ గణాంకాల ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైగా ఉన్నాయి. శిక్షణలో మాత్రం అభ్యర్థి ఒక తరగతి, ఒక పాఠం, ఒక పీరియడ్ అన్న లెక్కతోనే సాధన చేస్తాడు. రేపు ఐదు తరగతులను ఒంటరిగా నడపవలసినవారికి ఆ సాధన సరిపోదు.

సర్వీసులో చేరాక

నియామకంతో శిక్షణ ముగియదు. ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాస కార్యక్రమాల్లో పాల్గొనాలని 2020 విధానం చెబుతోంది. 2019లో ప్రారంభమైన ‘నిష్ఠా’ కార్యక్రమం లక్షలాది ప్రాథమిక ఉపాధ్యాయులను లక్ష్యంగా పెట్టుకుని, కొవిడ్ అనంతరం ‘దీక్ష’ వేదికపై ఆన్‌లైన్‌కు మారింది. విస్తృతి దీని బలం. రాష్ట్రస్థాయి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగివచ్చే శిక్షణలో ప్రతి మెట్టు వద్దా సారం కొంత కారిపోవడం దీని బలహీనత. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల వంటి చిన్న వేదికలు ఇక్కడే విలువైనవి. పొరుగు బడుల ఉపాధ్యాయులు ఉత్తర్వులు చదువుకోవడానికి కాక, తమ పిల్లల నోటుపుస్తకాలు ముందు పెట్టుకుని తప్పులను చర్చించడానికి కలిస్తే, అదే ఉత్తమ శిక్షణ అవుతుంది.

ఇకముందు చూడవలసినవి

నాలుగేళ్ల సమీకృత కోర్సు 2023-24లో తొలివిడతగా 57 సంస్థల్లో మొదలైంది. పునాది, సన్నాహక, మాధ్యమిక, సెకండరీ దశలకు వేర్వేరుగా ఉపాధ్యాయులను తయారుచేయాలన్నది దాని ఉద్దేశం. పన్నెండో తరగతి తరువాతే వృత్తిని ఎంచుకున్నవారికి నాలుగేళ్లపాటు బడితో పరిచయం కలుగుతుందన్న ఆశ దీనిలో ఉంది. ఏడాది బీఈడీ ప్రతిపాదన డబ్బు, కాలం ఆదా చేస్తుంది. ముఖ్యంగా పేద కుటుంబాల అభ్యర్థులకు అది చిన్న విషయం కాదు. అయితే వ్యవధి కుదిస్తే ముందుగా కుదించుకుపోయేది ఇంటర్న్‌షిప్, దాని చుట్టూ జరగవలసిన చర్చ అన్న ఆందోళనకు గత అనుభవమే ఆధారం.

అందువల్ల కోర్సు ఎన్నేళ్లన్న ప్రశ్నతో పాటు మరికొన్ని ప్రశ్నలు అడగవలసి ఉంది. కళాశాలకూ పాఠశాలకూ మధ్య స్థిరమైన ఒప్పందం ఉందా? మార్గదర్శక ఉపాధ్యాయుడికి సమయం, గుర్తింపు లభిస్తున్నాయా? శిక్షణ ఇచ్చే అధ్యాపకుడు చివరిసారి పిల్లలకు పాఠం చెప్పింది ఎప్పుడు? అభ్యర్థికి మార్కులు రికార్డుల అట్టలకా, పిల్లలు నేర్చుకున్నదానికా? సీటు కోసం కళాశాలను ఎంచుకునే విద్యార్థులు, వారి తల్లిదండ్రులు కూడా ఈ ప్రశ్నలు వేయవచ్చు.

2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి పిల్లవాడికీ చదవడం, రాయడం, ప్రాథమిక గణితం రావాలన్నది ‘నిపుణ్ భారత్’ కార్యక్రమం 2021లో పెట్టుకున్న లక్ష్యం. ఈరోజు శిక్షణలో ఉన్న అభ్యర్థులే రాబోయే మూడు దశాబ్దాలపాటు ఆ తరగతుల్లో ఉంటారు. 52 నుంచి 27 తీసి 35 అని రాసిన పిల్లవాడి పలకపై ఇంటూ గుర్తు పెట్టి ముందుకు సాగాలా, పక్కన కూర్చుని ‘ఎలా చేశావు?’ అని అడగాలా అన్న నిర్ణయం రోజుకు ఎన్నోసార్లు వారి ముందుకు వస్తుంది. ఆ ప్రశ్న అడగడం అలవాటుగా మార్చిన శిక్షణే, కాలవ్యవధి ఎంతైనా, తన పని పూర్తిచేసినట్లు.